నంబర్లు తుడిచేసిన వాల్వులు

పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ఇరవై ఎనిమిదేళ్లు నా ఉద్యోగం ఒక్కటే: గాజు సామాను మీద నిన్నటి మందు ఆనవాలు లేకుండా కడిగించడం. “మరక మిగిలితే మనం మిగలం” అని కొత్తవాళ్లను బెదిరించేవాణ్ని. రిటైరయ్యాక పాత రేడియోలు బాగుచేసే సరదా పట్టింది. ఈసారి కొత్తవాణ్ని నేనే, బెదిరించేవాళ్లు లేరు.

కర్దనూర్ నుంచి ఒక పెద్దాయన వాల్వుల రేడియో తెచ్చాడు. వాల్వులంటే లోపల ఎర్రగా వెలిగే గాజు బుడ్లు, ఆ కాలం రేడియోలకు అవే ప్రాణం.

“పొలం పాయె, బర్లు పాయె. గిదొక్కటే మిగిలింది సారూ, జెర మాట్లాడిపియ్యి” అన్నాడు. ఏ దుకాణంవాడూ ముట్టుకోలేదట. నేను మాటిచ్చాను.

అలవాటు కొద్దీ ఐదు వాల్వులూ ఒక్కసారే ఊడబీకి, ట్రేలో పేర్చి, స్పిరిట్‌తో తళతళలాడేలా తుడిచాను. దుమ్ముతోపాటు గాజు మీద అచ్చేసిన నంబర్లూ పోయాయి. ఏది ఏ సాకెట్‌లోదో చెప్పేది ఆ నంబరే. ఐదూ ఏ సాకెట్‌లోనైనా దిగుతాయి. తప్పుగా పెట్టి కరెంటిస్తే కాలిపోవచ్చు. ఏ నంబరు ఎక్కడో చూపే కాగితం డబ్బా లోపల అతికించి ఉండేది, దాన్ని చెదలు ఎప్పుడో చదివేశాయి.

మా ఆవిడ తొంగిచూసి, “శుభ్రం చేసిన్రా, శుభం కార్డు ఏసిన్రా?” అంది.

పెద్దాయన రోజూ పొద్దున్నే బస్సెక్కి వచ్చి నా ఎదుట స్టూలు మీద కూర్చునేవాడు. కంపెనీల వాసనకు కిటికీలు మూసే ఉంటాయి. నా వెనక గోడ, ముందు ఆయన మోకాళ్లు. లేద్దామంటే దారి లేదు, చెబుదామంటే నోరు రాదు. తుడిచినదాన్నే మళ్లీ తుడుస్తూ కూర్చున్నాను.

నాలుగో రోజు ఒక వాల్వును కళ్లద్దాల దగ్గరికి తెచ్చి గట్టిగా నిట్టూర్చాను. ఆవిరి పట్టిన గాజు మీద నంబరు లేచి, ఆవిరితోపాటే మాయమైంది. సిరా పోయినా జాడ పోలేదన్నమాట. ఇన్నేళ్లు నేను కడిగించినవాటి సంగతేమిటో ఆలోచించదలచుకోలేదు. నా నిట్టూర్పు ఒకరికి పనికిరావడం అదే మొదలు. మూడింటి నంబర్లు దొరికాయి. కవలల్లాంటి మిగతా రెండూ ఎంత ఊదినా పలకలేదు. ఇక చెప్పక తప్పలేదు.

“పెద్దాయనా, నంబర్లు నేనే తుడిచేసిన.”

“నాకెరుకే. నాలుగు రోజుల సంది గవే రుద్దుతున్నవ్. నా బర్రెను గూడ నేను గింతగనం కడగలే.”

“మరి అడగకపోతివి?”

“అడిగితే వాపస్ ఇస్తవని.”

ఆయన స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు. ఉన్న ఆ కాస్త సందూ మూసుకుపోయింది. ఆయన ఒకటి, నేనొకటి పట్టుకుని ఊదడం మొదలుపెట్టాం.