‘రానీ’ అంటేనే కాయ

పై నుంచి ఏది వచ్చినా కళ్ళు గట్టిగా మూసుకునే పిల్లను నేను, నా చిన్నప్పుడు. మా గల్లీలో క్రికెట్ ఆడుతూ ఒకసారి క్యాచ్ పట్టబోయి పెదవి చిట్లగొట్టుకున్నాను. అప్పటి నుంచి బంతి గాల్లోకి లేస్తే చాలు, నా చేతులు మొహం మీదికి వచ్చేవి. పిల్లలు కొన్నాళ్ళు ఓర్చుకున్నారు. ఆ తరువాత నన్ను ఆటలోకే రానివ్వలేదు, అరుగు మీద కూర్చుని చూడమన్నారు. అంతకన్నా పెద్ద శిక్ష ఆ వయసులో నాకు తెలియదు.

మా తాతయ్యకు సికింద్రాబాద్ మార్కెట్లో పండ్ల దుకాణం ఉండేది. ఎండాకాలమంతా పుచ్చకాయలే. తెల్లవారగానే ట్రాలీ ఆటో నిండా పొడుగాటి చారల కాయలు వచ్చేవి. తాతయ్య పైకెక్కి ఒక్కో కాయా విసిరితే, కింద మా బాబాయి పట్టి కుప్ప వేసేవాడు. ఆ బజారులో దానికో పద్ధతి ఉంది. కిందనున్న మనిషి ‘రానీ’ అనాలి. ఆ మాట వినబడనిదే పైవాడు కాయ వదలడు. అన్న తరువాత పగిలితే మాత్రం తప్పు కిందివాడిదే.

వేసవి సెలవుల్లో ఒకరోజు, కాయలు దించుతున్న వేళ, ఏడుపు మొహంతో దుకాణానికి వెళ్ళాను. తాతయ్య సంగతంతా విన్నాడు. నన్ను ఓదార్చలేదు, ఆ పిల్లల్ని తిట్టనూ లేదు. బాబాయిని టీ తాగిరమ్మని పంపేసి, "జెర కింద నిలబడు బిడ్డా, చిన్నయే ఏస్తా" అన్నాడు. ఆయన చేతిలో కాయ ఉంది, నా నోట్లో మాట లేదు. ఇంతలో వెనక ఇంకో ట్రాలీ వచ్చి ఆగి హారన్ మోగించింది. "ఏందీ పెద్దాయనా, ఇయ్యాలంత గిట్లనే నిలబడాల్నా?" అని దాని డ్రైవర్ అరిచాడు. తాతయ్య వినబడనట్టే ఉన్నాడు. చివరికి ఆ హారన్ భరించలేక ‘రానీ’ అనేశాను, కళ్ళు మూసుకుని. కాయ నా కాళ్ళ దగ్గర పడి పగిలింది. గౌను నిండా ఎర్రటి రసం.

తిడతాడనుకున్నాను. ఆయన నవ్వాడు. "కండ్లు మూస్కొని తీస్కునేది గుడిల తీర్థం. కాయను జూస్కుంట పట్టాలె." భయమేస్తోందని చెప్పాను. "అయితది. నువ్వు రానీ అనేదాంక అది నా చేతులనే ఉంటది. భయం తగ్గినంక కాదు, కండ్లు తెరిచినంక అను" అంటూ ఇంకో కాయ తీశాడు.

మళ్ళీ హారన్ మోగింది. ఈసారి నేను కాయ వైపే చూస్తూ గట్టిగా అరిచాను. అది తిరుగుతూ వచ్చింది. ఆ బరువుకు వెనక్కి తూలి, చంటిబిడ్డను అందుకున్నట్టు పొట్టకు హత్తుకున్నాను. హారన్ కొట్టిన డ్రైవరే ‘శభాష్’ అన్నాడు. ఆ సాయంత్రం నేను అరుగు మీద కూర్చోలేదు.

పెద్దయ్యాక రగ్బీలోకి వెళ్ళాను. మొదటిరోజు ఆ కోలబంతిని చూసి నవ్వొచ్చింది, అచ్చం మా పుచ్చకాయే. నన్ను ఫుల్‌బ్యాక్‌గా పెట్టారు. అంటే జట్టు మొత్తానికి వెనక ఒంటరిగా నిలబడే మనిషి. అవతలివాళ్ళు ఆకాశంలోకి తన్నిన బంతి దిగేలోపు నలుగురు మీదికి ఉరికి వస్తుంటారు, నా వెనక ఇంకెవరూ ఉండరు. అప్పుడు ‘మైన్’, అంటే బంతి నాది, అని ఇంగ్లీషులో అరిచి పట్టాలి. నా నోటికి మాత్రం ‘రానీ’యే వచ్చేది. హిందీలో నన్ను నేను రాణినని చాటుకుంటున్నాననుకుని, జట్టులోని ఒడిశా, బెంగాల్ అమ్మాయిలు పడీపడీ నవ్వారు. ఆ పేరే నిలిచిపోయింది. రాష్ట్రానికి ఆడినా, దేశానికి ఆడినా, చివర్లో జీతం తీసుకుని లీగులో ఆడినా అందరికీ నేను రాణినే. ఆ పేరు పడ్డ కొత్తలో ఇది చెబితే తాతయ్య, "రాణే గానీ, కాయలు మోసే రాణి" అని మురిసిపోయాడు.

పోయినేడు మైదానంలో నా మోకాలు మెలిపడింది. బేగంపేటలో డాక్టర్ గారు స్కాన్ చూశారు, నన్ను చూశారు, మళ్ళీ స్కానే చూశారు. చెప్పడానికి ఆయనకు నోరు రావడం లేదు. నా అన్నమూ, నా పేరూ ఇన్నేళ్ళుగా ఆ మోకాలి మీదే నిలబడ్డాయి. చేతులు మొహం మీదికి పోబోయాయి. తాతయ్య పోయి చాలా కాలమైంది. అయినా చేతిలో కాయతో, హారన్లు పట్టించుకోకుండా నా మాట కోసం ఆగిన ఆ మనిషి కళ్ళ ముందు మెదిలాడు. చేతులు ఒడిలోకి దించుకుని, "రానీయండి డాక్టర్ గారూ" అన్నాను.

ఇక ఆడకూడదన్నారు. ఆ మాట తగిలిన చోట ఇప్పటికీ నొప్పిగానే ఉంది. కానీ దాన్ని నేను చూస్తూ పట్టుకున్నాను.