తలపాగా బరువు

బరువు ఎత్తినందుకే నా భుజం మళ్లీ తప్పిందని ఆ ఎముకల డాక్టరు వార్డులో అందరి ముందు తేల్చేశాడు. అబద్ధం. ఆ పొద్దున నేను ఎత్తింది తలపాగా ఒక్కటే.

ఈ కుడి భుజం కీలు మొదట తప్పింది పడుచుతనంలో, జొన్నచేలో పిట్టల మీదికి వడిసెల రాయి విసురుతుంటే. మా నాయన నన్ను నేల మీద పడుకోబెట్టి, చంకలో మడమ ఆనించి, చెయ్యి లాగి కీలు కూర్చోబెట్టాడు. తరువాత దానికి జారడం అలవాటైంది. బస్సులో పైనున్న కమ్మీ పట్టుకున్నా జారేది. ముసలితనంలోనైనా సుఖపడదామని అనంతపురం పోయి ఆపరేషన్ చేయించుకున్నాను. ఆ ఎముకల డాక్టరే చినిగిన పొరను దారాలతో ఎముకకు బిగించి కుట్టాడట. "బరువులెత్తొద్దు, అంతే" అన్నాడు. నేను ఏం పని చేస్తానో, చెయ్యి ఎటు తిప్పుతానో అడగలేదు. అడగాలంటే ఫోనులోంచి తలెత్తాలి కదా!

నేను బడి మొహం చూసినవాణ్ణి కాను. శనక్కాయలు కట్టిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చాను. అందుకే చదువుకున్నవాడి మాట తూచా తప్పకుండా విన్నాను. చెంబెడు నీళ్లు కూడా ఎడమచేత్తోనే మోశాను. కట్టు విప్పాక, చెయ్యి బాగా లేస్తోందన్న సంతోషంలో ఒకరోజు తలపాగా చుట్టుకోబోయాను. మోచెయ్యి పక్కకెత్తి, చెయ్యి తల వెనక్కి తిప్పేసరికి లోపల టక్కుమంది. గుడ్డ సగం తలకు, సగం మెడకు.

మా ఆడమనిషి పరుగెత్తుకొచ్చింది. "ఏమయ్యా, ఆపరేషను చేసినోల్లు సంగటి పెట్టి అతికించినారా?"

అనంతపురం వార్డులో అదే డాక్టరు కీలు కూర్చోబెట్టి, "ఏమప్పా, మూట ఎత్తింటావు. నిజం చెప్పు" అన్నాడు.

"తలగుడ్డ చుట్టుకుంటాంటి సార్."

"తలగుడ్డకు భుజం తొలుగుతాదా!" అని నవ్వాడు. నర్సులూ నవ్వారు. పెద్ద డాక్టరు నవ్వితే నవ్వడం వాళ్ల ఉద్యోగంలో భాగం కాబోలు.

కదిరిలో ఇంకో డాక్టరమ్మకు ఆపరేషనుకు ముందు తీసిన స్కాను చూపించాను. "పెద్దాయనా, కీలు గుంత అంచు అప్పటికే అరిగిపోయిండాది. అంచు లేని తట్టలో గోలీ నిలుస్తాదా? ఎముక ముక్క పెట్టి అంచు కట్టాల్సింది. చెయ్యి తల ఎనక్కి తిప్పితే మల్లా జారుతాది" అంది.

ఊళ్లో పెండ్లికొడుకులకు తలపాగాలు చుట్టింది ఈ చేతులే. ఇప్పుడు నాకు మా ఆడమనిషి చుడుతోంది. "కదలొద్దు. పెండ్లయినకాడి నుంచి ఈ తలకాయే చూస్తాండా, దీని కొలత నాకు తెలీదా?" అంటుంది. చుట్టేది మాత్రం కుండమూతికి గుడ్డ కట్టినట్టు.

ఎముక అరిగిన సంగతి ముందే తెలుసా అని అడగడానికి మళ్లీ అనంతపురం పోయాను. మొదట రౌండ్స్ అన్నాడు, తరువాత మీటింగ్ అన్నాడు. చివరికి గది తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. అప్పుడు చెప్పాడు:

"తెలుసప్పా. స్కానులో కనపడింది. ఎముక పెట్టేది పెద్ద ఆపరేషను. ఈ వయసులో చెయ్యి పైకెత్తే పని నీకేముంటాదిలే అనుకుంటి."