క్లచ్ తొక్కిన కాలు

1964 చలికాలం. అప్పట్లో నేను భవానీపూర్‌లో ట్రామ్ లైను పక్క సందులో ఉన్న చిన్న వర్క్‌షాపులో లింబ్ ఫిట్టర్‌ని. అంటే కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నవాళ్ళకి కొయ్యతో, తోలుతో కొత్తవి చేసి తొడిగేవాణ్ణి. మా నాన్న భీమిలి నుంచి వచ్చి హౌరా రైల్వేలో పెట్టెల వడ్రంగిగా చేరాడు. నాకు ఉలి పట్టడం నేర్పింది ఆయనే. నేను ఈ పనిలో చేరానని తెలిసి చర్చిలో పెద్దలు దేవుని సేవ అన్నారు. మా అమ్మ మాత్రం, "కుర్చీలు చేసుకోరాదురా, అవి కల్లోకి రావు," అంది.

అమ్మ అన్నదాంట్లోనూ న్యాయం ఉంది. మా షాపు గోడ మీద సగం చెక్కిన పాదాలు వరసగా వేలాడుతుండేవి. కొత్తగా వచ్చినవాళ్ళు వాటిని చూసి గుమ్మంలోనే ఆగిపోయేవారు. అందుకని వాళ్ళని వీధి వైపు తిప్పి కూర్చోబెట్టేవాళ్ళం. అలా కూర్చున్న ఎవరైనా మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇది పెట్టుకుంటే బయటికి తెలుస్తుందా?" ఆడవాళ్ళయినా, మగవాళ్ళయినా అదే అడిగేవారు.

తవిటినాయుడు అది అడగలేదు. చంకకర్రల మీద వచ్చి, గోడకి ఉన్న మిషన్ వాళ్ళ తెలుగు క్యాలెండరు చూసి, నన్ను చూసి, మనోడేనని తేల్చుకున్నాడు. శ్రీకాకుళం వైపు మనిషి. ఆండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌లో, జీపు డ్రైవరు. అడవిలో లారీ మీంచి దుంగ జారి ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది. ఖిదిర్‌పూర్ ఓడల డాకుల్లో పనిచేసే బంధువుల ఇంట్లో దిగాడు. కూర్చుంటూనే అడిగాడు.

"బాబూ, ఈ కాలు క్లచ్ తొక్కుతాదా?"

నా సర్వీసులో ఆ ప్రశ్న అంతవరకు ఎవరూ అడగలేదు. మా పెద్ద మిస్త్రీ దగ్గర నేర్చుకున్న సూత్రం ఒకటుంది, నడక వస్తే అన్నీ వస్తాయని. అదే అప్పజెప్పాను. అతనికి సగమే నమ్మకం కుదిరినట్టుంది. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. అతని యజమాని దత్తబాబు అనే బెంగాలీ. యుద్ధం తర్వాత వేలంలో కొన్న జీపు మీద, ఊరికి వచ్చిన ఆఫీసర్లనీ చూడవచ్చినవాళ్ళనీ అడవి దారుల్లో కొండ మీదికి తిప్పి తెచ్చే వ్యాపారం ఆయనది, బండి తోలేది నాయుడు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చే సవారీ. కాలు పోయాక దత్తబాబు కనికరించి గేటు కాపలా పని ఇస్తానన్నాడు.

"గేటుకాడ కూకుని ఒచ్చిపోయే బళ్ళకి దండాలెట్టమంటాడు బాబూ. నా జీపుకి నానే దండమెట్టాలా?"

గొంతు పెంచకుండానే అన్నాడు. నేను మిగిలిన కాలికి, అంటే స్టంప్‌కి, ప్లాస్టర్ అచ్చు తీసుకున్నాను. ఆ అచ్చు మీదే సాకెట్ తయారవుతుంది. స్టంప్ అమరి కూర్చునే కొయ్య గిన్నె అది. దానికి కింద పాదం, పైన తొడకి కట్టుకునే తోలు పట్టా. చెప్పడానికి ఇంతే. చెక్కుతూ తొడుగుతూ, ఎక్కడ ఒరుసుకుంటోందో చూసి మళ్ళీ చెక్కుతూ కూర్చుంటే నెల మీద పట్టింది.

చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, అతను కొండల్లో తిరిగే మనిషి, మా కలకత్తా ఏమో పీటచెక్కలా చదును. ఏటవాలులో నడిపించి చూద్దామంటే ఊరంతా వెతికినా ఒక మిట్ట దొరకదు. చివరికి హౌరా ఫెర్రీ జెట్టీ గుర్తొచ్చింది. పాటు సమయంలో నది దిగిపోతే, పడవలాగే జెట్టీ కూడా నీటితో పాటు కిందికి పోతుంది. ఒడ్డు నుంచి దాని మీదికి వేసిన వంతెన అప్పుడు బాగా ఏటవాలవుతుంది. రోజూ పాటు వేళ చూసుకుని అక్కడికి పోయేవాళ్ళం. జనం బుట్టలతో పరిగెత్తే ఆ వంతెన మీద తవిటినాయుడు ఎక్కుతూ దిగుతూ ఉంటే, నేను వెనకాలే వంగి వంగి అతని మడమలు చూసుకుంటూ నడిచేవాణ్ణి. ఒక బుట్టలావిడ నన్ను చూసి, పాపం ఏదో పారేసుకున్నట్టున్నాడని తనూ కాసేపు వెతికింది.

ఎక్కేటప్పుడు పాదం వంగక ఇబ్బంది పడ్డాడు. కొయ్యపాదం చీలమండ దగ్గర ఒక బోల్టు మీద కాస్త ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఆ ఊపుని ఆపడానికి ముందొకటి, వెనకొకటి రబ్బరు ముక్కలు పెడతాం. వాటిని బంపర్లు అంటాం. కొండ మనిషి కదా, ఎక్కడం సుఖంగా ఉండాలని ముందు బంపర్ తీసి మెత్తటి రబ్బరుది వేశాను. ఆ మర్నాడు వంతెన మీద లేగదూడలా గెంతుతూ ఎక్కాడు. నా గర్వానికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి.

సరిగ్గా అప్పుడే ఆండమాన్ ఆసుపత్రి నుంచి మా షాపుకి కబురొచ్చింది. అడవి పనుల్లో కాళ్ళు పోయినవాళ్ళు కొందరున్నారు, కొలతలు తీసుకోవడానికి మనిషిని పంపమని. నన్ను వెళ్ళమన్నారు. తవిటినాయుడూ నేనూ ఒకే ఓడలో బయల్దేరాం. ఓడలో మాకు పరిచయమైన పెద్దావిడ దత్తబాబు మేనత్తేనని ఒడ్డు చేరాక గాని తెలియలేదు. తెల్ల చీర, బొడ్లో తమలపాకుల సంచి. అందరూ పిసీమా, అంటే మేనత్త, అనే పిలిచారు, నేనూ అలాగే పిలిచాను.

దత్తబాబు చెడ్డవాడు కాదు, జాగ్రత్త మనిషి. తవిటినాయుడు రేవులో గట్టిగా నడిచి చూపిస్తే సంతోషించాడు. కానీ బండి ఇచ్చే మాట వచ్చేసరికి, తాళాలు చేతిలో ఆడిస్తూ ఒక షరతు పెట్టాడు. పిసీమా ఎలాగూ కొండ చూడాలంటోంది. నాయుడే తోలాలి. కొండ ఎక్కి దిగితే జీపు తోలే పని అతనిది, లేకపోతే గేటు కాపలా. ఇంకొక మాట కూడా అన్నాడు: కాలు చేసిన ఫిట్టర్‌బాబు ముందు సీట్లో కూర్చోవాలి, తన పనితనం మీద ఆయనకెంత నమ్మకముందో చూద్దాం.

పుట్టి బుద్ధెరిగి నేను కొండ ఎక్కలేదు. కాదనే దారి కూడా లేదు.

ఆ జీపు అమెరికావాళ్ళది, స్టీరింగ్ ఎడమ పక్కన. తలుపుల్లేవు. హ్యాండ్ బ్రేక్ పేరుకే ఉంది. పిసీమా "దుర్గా, దుర్గా" అనుకుని వెనక సీటెక్కింది, పక్కన దత్తబాబు. ఊరు దాటాక రోడ్డు అయిపోయి ఎర్రమట్టి బాట మొదలైంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. చెట్లు ఆకాశాన్ని కప్పేశాయట. ఏదో పెద్ద పక్షి బాటకి అడ్డంగా ఎగిరిందట. ఒకచోట చెట్ల సందులోంచి పచ్చటి సముద్రం కనిపించిందట. ఇవన్నీ పిసీమా వెనక నుంచి, చూడు బాబా, అటు చూడు, అని చెప్తే విన్నవే. నేను మెడ వంచి గేరు రాడ్ పక్క నుంచి తవిటినాయుడి ఎడమ పాదాన్ని చూస్తూ కూర్చున్నాను. అది క్లచ్ మీదికి పోయినప్పుడల్లా నా కాలూ నేలని తొక్కేది.

కదులుతున్నంతసేపు బండిని బాగానే లాక్కొచ్చాడు. సగం ఎక్కాక ఒక మలుపు తిరిగేసరికి బాటకి అడ్డంగా పెద్ద కొమ్మ. అక్కడ పడాక్ చెట్టు కొట్టి దుంగ లాక్కుపోయినట్టున్నారు, ఎర్రటి చెక్కపేళ్ళు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. నిట్టనిలువు ఎక్కుడులో బండి ఆపక తప్పలేదు. నేనూ దత్తబాబూ దిగి, చక్రం వెనక రాయి వేసి, కొమ్మని పక్కకి లాగాం. ఇక బండిని కదిలించాలి. ఎక్కుడులో ఆగిన బండిని కదిలించడం ఎంత కష్టమో అక్కడే తెలిసింది. కుడికాలు బ్రేకు వదిలి యాక్సిలరేటరు మీదికి పోయే లోపల, ఎడమకాలు క్లచ్‌ని సరిగ్గా ఇంజను అందుకునే చోటుకి వదలాలి. ముందు వదిలితే ఇంజను చస్తుంది, ఆలస్యమైతే బండి వెనక్కి జారుతుంది.

మొదటిసారి ఇంజను ఆగిపోయి బండి రాయి మీద కూర్చుంది. రెండోసారి ఒక్క గెంతు గెంతి మళ్ళీ చచ్చింది. ఆ కుదుపుకి రాయి కదిలి చక్రం మూరెడు వెనక్కి వచ్చింది. వెనక లోయ. దత్తబాబు ఇంకో రాయి వేసి, పిసీమాని చెయ్యి పట్టి దించి, ఇక చాలు నాయుడూ, దిగు, నేను తోల్తాను అన్నాడు. అన్నది మెల్లగానే. తవిటినాయుడు దిగలేదు. స్టీరింగు వదలకుండా, దత్తబాబుకి అర్థం కాకుండా, తెలుగులో నాతో అన్నాడు.

"తొక్కుతుంటే మజ్జిలో తలగడేదో ఎట్టినట్టున్నాది బాబూ. ఇంజన్ మాట నా దాకా రావట్లేదు."

ఆ మాటతో నాకు మెరుపు మెరిసినట్టయింది. తలగడ ఎక్కడుందో నాకు తెలుసు, పెట్టినవాణ్ణి నేనే. కొండ ఎక్కడం సుఖంగా ఉండాలని వేసిన మెత్తటి రబ్బరు! క్లచ్ తొక్కితే ముందు ఆ రబ్బరు నలుగుతోంది, తర్వాత గాని పెడల్ కదలడం లేదు. వదిలేటప్పుడూ అంతే. పాదానికీ స్టంప్‌కీ మధ్య కబుర్లు రబ్బరులోనే ఇంకిపోతున్నాయి. నడవడానికి బ్రహ్మాండంగా పనికొచ్చిన కాలు తోలడానికి మొద్దు కాలయి కూర్చుంది.

ఒక్క నిమిషం ఆగమని దత్తబాబుకి దణ్ణం పెట్టినంత పని చేశాను. బురదలో మోకరించి, జేబులో ఉన్న కత్తితో రబ్బరు ముక్కని పెకలించి అవతల పారేశాను. కింద పడున్న పడాక్ పేడు ఒకటి ఏరుకున్నాను. ఇనుము లాంటి కర్ర, కత్తికి లొంగదు. మా నాన్న చూసి ఉంటే ఉలి లేకుండా బయల్దేరినందుకు చెవి మెలేసేవాడు. ఎలాగో చీలిక చెక్కి, రబ్బరు ఉన్న చోట రాయితో కొట్టి దిగ్గొట్టాను. పాదం ఇక ముందుకి వెంట్రుకవాసి వంగదు. తవిటినాయుడు క్లచ్ తొక్కి, వదిలి, మళ్ళీ తొక్కాడు. బిగిసిన భుజాలు సడలాయి.

పిసీమాని పైదాకా నడిచి రమ్మని దత్తబాబు అంటే ఆవిడ ఒప్పుకోలేదు. బండెక్కడానికి వచ్చాను గాని నడవడానికి కాదని, వెళ్ళి తన చోట తను కూర్చుంది. తవిటినాయుణ్ణి మాత్రం భుజం తట్టి, "ఆస్తే బాబా," అంది. మెల్లగా నాయనా అని. దత్తబాబు ఆవిడ పక్కన ఎక్కక తప్పలేదు, నేనూ నా సీట్లోకి ఎక్కాను. భయం లేదని చెప్పలేను, చాలా భయమేసింది.

తవిటినాయుడు కళ్ళు మూసుకున్నాడు. ఎడమ పాదం నెమ్మదిగా లేస్తోంది. ఇంజను గొంతు కాస్త బరువెక్కింది. ఒక చోట పాదం టక్కున ఆగింది. జీపు ముక్కు కొద్దిగా పైకెత్తి వణికింది. అప్పుడు కళ్ళు తెరిచి బ్రేకు వదిలాడు. బండి వెనక్కి అంగుళం జారకుండా పైకి పాకింది. వెనక నుంచి పిసీమా తమలపాకు నమలడం మొదలుపెట్టిన చప్పుడు వినిపించింది.

కొండ మీద అరగంట ఉన్నాం. వాళ్ళు ఫ్లాస్కులో టీ తాగుతూ దీవుల్ని చూస్తుంటే, నేను చీలిక కదిలిందేమోనని మళ్ళీ మోకరించి చూశాను. దిగేటప్పుడూ నా మెడ గేరు రాడ్ పక్కకే వంగి ఉంది. సగం దిగాక వెనక చప్పుడేమీ లేదని తిరిగి చూస్తే దత్తబాబు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. లోయ అంచున, ఆ డ్రైవరు చేతిలో, ఆ జాగ్రత్త మనిషి! పిసీమా నన్ను చూసి నవ్వింది.

కాసేపటికి చెట్లు విడిపోయి బాట వెలుగులోకి వచ్చింది. తవిటినాయుడు బండి వేగం తగ్గించాడు.

"ఇంక నా కాలేపు సూడకండి బాబూ. సముద్రం సూడండి."

తలెత్తి చూశాను. అంత నీలం నేను ఎప్పుడూ ఎరగను. ఇక రేవు దాకా తల దించలేదు.

కొన్నేళ్ళకి స్టంప్ సన్నబడి సాకెట్ వదులైందని తవిటినాయుడు మళ్ళీ మా షాపుకి వచ్చాడు. ఈసారి ఏ ప్రశ్నా వెయ్యలేదు. పాత కాలు బల్ల మీద పెట్టి, చీలిక ఊడదీసి నా చేతికిచ్చాడు, కొత్త కాలికి కూడా ఇదే వెయ్యమని. నడిచేటప్పుడు అది తీసి రబ్బరు పెట్టుకోమన్నాను కదా, మోకాలు నొప్పెట్టడం లేదా అంటే నవ్వేశాడు. అరిగి నున్నబడి ఆ కర్ర చింతగింజలా మెరుస్తోంది.

మా పెద్ద మిస్త్రీ సూత్రం తప్పని నేననను. కానీ ఆ కొండ దిగిన తర్వాత నా దగ్గరికి ఎవరొచ్చినా పొడవూ చుట్టుకొలతా తియ్యకముందే, ఏం పని చేస్తావని అడిగేవాణ్ణి. కుట్టుమిషను తొక్కే మనిషికీ, చాప మీద బాసింపట్టు వేసుకు కూర్చునే మనిషికీ ఒకే కాలు సరిపోదు. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను, అది ఏ మిస్త్రీ చెప్పేది కాదు. కాలు కుదిరాక, దాన్ని చేసినవాడు చూపు తిప్పుకోవాలి.

ఇప్పుడు నాకే మోకాళ్ళు అరిగాయి. పాటు వేళ ఫెర్రీకి వెళ్తే వంతెన రెయిలింగు పట్టుకుని దిగుతాను. ఆండమాన్ ఎలా ఉంటుంది తాతా అని మనవలు అడుగుతుంటారు. కొండ ఎక్కే దారి అడిగితే ఒక్క పెడల్ తప్ప ఏమీ చెప్పలేను. దిగే దారి మాత్రం, ఆ సముద్రం కనిపించిన చోటు నుంచి రేవు దాకా, చెట్టు చెట్టూ చెప్పగలను.