పేపరు పక్కన ఒక్క క్షణం

బాబాయికి ఒకే ఒక్క జబ్బు ఉంది. లెన్సు కొనడు, కొనే ప్రయత్నం మానడు.

ఆయన ఉద్యోగం తూనికలు కొలతల శాఖలో. పని రోజుల్లో బజారులో త్రాసుల్ని అనుమానిస్తాడు, సెలవు రోజుల్లో పెరట్లో లెన్సుల్ని అనుమానిస్తాడు. చాలా ఏళ్ల క్రితం, లోపల బొమ్మ పడే సెన్సారు చిన్నగా ఉన్న కెమెరా ఒకటి కొన్నాడు. దాంతోపాటు అట్టపెట్టెలోనే ఒక మామూలు లెన్సు వచ్చింది. "దీనికో మంచి మధ్యరకం జూమ్ లెన్సు చూడాలి. ఇంట్లో నలుగుర్నీ పట్టాలి, వాకిట్లో మనిషినీ దగ్గరికి లాగాలి," అన్నాడు ఆ రోజే. అప్పటికి ఆయన అన్న కూతురు పలకలు పగలగొట్టే వయసులో ఉంది. ఇప్పుడు ఆ అమ్మాయి సొంతంగా కుట్టు దుకాణం తెరవబోతోంది. బాబాయి ఇంకా చూస్తూనే ఉన్నాడు.

ఆ అన్న కూతుర్ని ఇంట్లో కందిరీగ అంటారు. ఒక మాట పడి ఊరుకునే రకం కాదని ఆ పేరు బాబాయే తగిలించాడు. ఆమెతో అందరికంటే ఎక్కువ మాటలు పడ్డదీ ఆయనే.

కెమెరాల కొట్టాయన పాత స్నేహితుడు. సెలవు వస్తే చాలు, ఒక లెన్సు బాబాయి సంచీలో పడేసి, చూసి ఇచ్చెయ్యమనేవాడు. బాబాయి చూసేవాడు, వంక పెట్టేవాడు, ఇచ్చేసేవాడు. ఒకటి అన్నివిధాలా బాగుంది గానీ మహా బరువు. మెడలో వేసుకుంటే మెడ వంగిపోయి తన చెప్పులే కనిపించేవి. ఇంకొకటి ఎంత దూరమైనా లాగేది గానీ పొద్దు వాలితే దానికి కళ్లు ఆనవు. మరొకటి పెద్ద కెమెరాల కోసం చేసింది. ఈ చిన్న సెన్సారుకు తగిలిస్తే చూపు ఇరుకైపోయింది. ఇంటిల్లిపాదినీ ఫ్రేములో పట్టించాలని వెనక్కి వెనక్కి నడిచి, చివరికి పక్కింటి వంటగదిలో తేలాడు. పక్కింటావిడ మంచినీళ్లిచ్చి పంపింది.

పరీక్షకు ఒక పద్ధతి ఉండేది. పెరటి గోడకు వార్తాపత్రిక అంటించేవాడు. అక్షరాలు అంచుల దాకా స్పష్టంగా వస్తే లెన్సు మంచిదన్నమాట. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ పేపరు పక్కన ఒక మనిషి కూడా నిలబడాలి. ఒంటి రంగు సరిగ్గా వస్తోందో లేదో తెలియాలి కదా అనేవాడు. గుమ్మంలోకి వచ్చిన పాపానికి పోస్ట్‌మ్యాన్ నిలబడ్డాడు. కెమెరా కనిపిస్తే మొహం ముడుచుకునే ఎదురింటి హెడ్మాస్టరుగారు కూడా నిలబడ్డారు.

"నన్ను తీయకండి బాబూ," అన్నారాయన.

"మిమ్మల్నెవరు తీస్తున్నారు సార్? నేను తీసేది పేపర్ని."

అందరికంటే ఎక్కువసార్లు దొరికిపోయింది కందిరీగ వాళ్లమ్మ. బట్టలారేయడానికి పెరట్లోకి రావడమే ఆవిడ చేసిన నేరం.

"వదినా, ఆ పేపరు పక్కన ఒక్క క్షణం!"

"నన్ను తీశావంటే ఊరుకోను."

"నువ్వు కాదు వదినా, లెన్సు పరీక్ష."

"మరి మొన్న తెచ్చిన లెన్సు సంబంధం ఏమైంది?"

"కుదర్లేదు. అంచులు బాలేవు."

"అంచులు చూసుకుని కొనడానికి అదేమన్నా తువ్వాలటయ్యా?"

తన మాటకు తనే విరగబడి నవ్వి, బుట్ట చంకనెత్తుకుని వెళ్లిపోయేది.

కందిరీగకు కావలసింది ఒక్కటే. దుకాణంలో కుట్టుమిషను ఎదురుగా అమ్మ ఫోటో ఉండాలి. కత్తెర పట్టించింది అమ్మ, తప్పు కుట్టిన ప్రతిసారీ పక్కన కూర్చుని విప్పించింది అమ్మ. తలెత్తితే ఆ మొహం కనబడాలి. కానీ ఇంట్లో ఆల్బమ్‌ల నిండా అమ్మ ముక్కలు ముక్కలుగానే ఉంది. ఒకచోట మోచెయ్యి, ఒకచోట జడ, ఇంకోచోట గ్లాసు అందిస్తున్న చెయ్యి. ఆవిడ పళ్లు కాస్త ఎత్తు. పెళ్లినాడు ఫోటోగ్రాఫరు అందరి ముందూ "పళ్లు కనిపించకుండా నవ్వండమ్మా" అన్నాడట. అప్పట్నుంచీ కెమెరా వాసన తగిలితే చాలు, మనిషి మాయం.

"బాబాయ్, దుకాణం తెరిచేలోగా అమ్మ ఫోటో ఒక్కటి తీసిపెట్టవా?"

"తీద్దాం. ముందు లెన్సు తేలనీ."

"అది తేలేసరికి నాకు మనవలు పుడతారు!"

"మంచిదేగా. అప్పటికి ఇంకా మంచి లెన్సులొస్తాయి."

కందిరీగకు ఒళ్లు మండింది. స్టూడియో ఆయన్ని ఇంటికే పిలిపించింది. కూతురి మొహం చూసి కాదనలేక, అమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది, పన్ను పీకించుకోవడానికి వచ్చినట్టు. పెదవులు బిగించింది. ఫోటోలో ఎవరో హాస్టల్ వార్డెన్ వచ్చింది.

"చెప్పానా? నాకు ఫోటోలు రావే," అంది అమ్మ. నవ్వబోయి నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.

ఆ చెయ్యి చూసి కందిరీగకు ఏడుపొచ్చింది. ఏడవడం చేతకాక బాబాయి మీద విరుచుకుపడింది. "నీ వల్లే! ఇన్నేళ్లుగా ఆ పేపర్ని తీసిన వాడివి మా అమ్మను ఒక్కసారి తీయలేకపోయావా?" బాబాయి సంచీ భుజాన వేసుకుని కెమెరాల కొట్టుకు వెళ్లిపోయాడు. మళ్లీ లెన్సు కోసమేనని ఆమె పళ్లు నూరింది.

దుకాణం తెరిచే రోజు పొద్దున, జనం రాకముందే బాబాయి వచ్చాడు. చేతిలో పాత పేపర్లో చుట్టిన పలక లాంటిది ఉంది. కందిరీగ చెయ్యి చాపితే ఇవ్వలేదు. నేరుగా వదిన చేతిలో పెట్టాడు.

"ముందు నువ్వు చూడు. నచ్చకపోతే నేను పట్టుకుపోతాను. ఇంకెవరి కంటా పడదు."

అమ్మ పేపరు విప్పింది. కందిరీగ ఆవిడ భుజం మీంచి తొంగి చూసింది. పెరటి గోడ, ఒక పక్కన వార్తాపత్రిక మూల, చంకలో తడిబట్టల బుట్ట, తల వెనక్కి వాల్చి పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్న అమ్మ. అమ్మ ఇంత అందంగా ఉంటుందని కందిరీగకు ఎప్పుడూ తెలుసు. తెలియనిది అమ్మకే.

ఫోటోని వెలుతురు వైపు తిప్పుకుని అడిగిందావిడ. "ఇది నేనేనా?"

"కాదు వదినా. లెన్సు పరీక్ష."

"నిజం చెప్పు. ఏ లెన్సుతో తీశావు? ఆ బరువుదాంతోనా?"

"అట్టపెట్టెలో వచ్చిందే. అది చాలని ఎప్పుడో తెలిసింది."

"మరి ఆ సంబంధాలన్నీ?"

బాబాయి తల గోక్కున్నాడు. "లెన్సు కుదిరిపోయిందంటే ఇంకెవరు నిలబడతారు? ఫోటో అంటే పారిపోతారు. పరీక్ష అంటే పాపం సాయం చేస్తారు."

అమ్మ స్టూలు లాక్కుని, ఎక్కి, తనే మేకుకు తగిలించింది. దిగి, వెనక్కి జరిగి చూసింది.

"పళ్లు కనిపిస్తున్నాయి," అంది.

"అన్నీ," అన్నాడు బాబాయి. "అంచుల దాకా."

ఆవిడ దాన్ని తీయలేదు. కాస్త వంకరగా ఉందని సర్దింది.

జనం రావడం మొదలైంది. హెడ్మాస్టరుగారు లోపలికి వస్తూనే ఫోటో చూసి ఆగిపోయారు. "ఓహో, మీదీ ఆ గోడేనా! నాది మా ముందు గదిలో ఉంది. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"నాకూ అదే మాట చెప్పారండీ!" అన్నాడు వెనకాల పోస్ట్‌మ్యాన్.

కందిరీగకు సిగ్గేసింది. సిగ్గుపడటం అలవాటు లేని మనిషి కాబట్టి, బాబాయి మెడలోంచి కెమెరా లాక్కుంది. ఫోటో చుట్టి తెచ్చిన పాత పేపర్ని గుండుసూదులతో గోడకు గుచ్చింది.

"బాబాయ్, ఆ పేపరు పక్కన ఒక్క క్షణం."

"నన్నెందుకే?"

"నిన్నెవరు తీస్తున్నారు? లెన్సు పరీక్ష."

ఆల్బమ్‌లలో ఆయనవి మోచెయ్యి, చెవి కూడా లేవు. తన మందు తనకే పోస్తున్నారని తెలిసీ వెళ్లి నిలబడ్డాడు. పొట్ట లోపలికి పీల్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల కోసం వెతుక్కున్నాడు. ఇక్కడా పన్ను పీకించుకునే మొహమే.

వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఇంతకీ సంబంధం కుదిరినట్టేనా?"

"ఎక్కడ వదినా, అంచులు..." అంటూనే బాబాయి పగలబడి నవ్వాడు. కందిరీగ నొక్కేసింది.

ఇప్పుడు మిషను ఎదురుగా రెండు ఫోటోలున్నాయి. బాబాయి వచ్చినప్పుడల్లా తన ఫోటో ముందు నిలబడి, ఎడమ అంచు కాస్త తేడాగా ఉందని, వచ్చే సెలవుకు ఇంకో లెన్సు తెచ్చి చూస్తానని అంటాడు. దుకాణంలో కొత్తవాళ్లెవరైనా ఉంటే ఆ మాట కాస్త గట్టిగా అంటాడు.