గురువారం నా వంతు

పొద్దున ఎనిమిదింటికి బడి గేటు తీస్తుంటే, వరండా వైపు చూడాలంటే నాకు ఇప్పటికీ భయం. నేను టీచరుగా చేసే బడి రెంజల్ ఊరు దాటినాక, చెరుకు తోటల పక్కన ఉంటుంది.

ఆ వరండాలో మా తెలుగు మేడమ్ చదవడం రాని పిల్లల్ని కూర్చోబెట్టుకొని గంట ముందే పాఠం చెప్పేది. చెప్పమని ఎవరూ అడగలేదు. ఆ పిల్లల్లో ఒక అమ్మాయి తల్లిదండ్రులు చెరుకు కొట్టే కూలీలు. కోతలు అయిపోతే ఇటుక బట్టీలకు పోతారు, అక్కడ బడి ఉండదు. ఆలోపే ఆ పిల్లకు చదవడం రావాలని మేడమ్ పట్టుదల. పిల్ల ఒత్తుల దాకా వచ్చింది.

ఒకనాడు ముచ్చటేసి ఫోటో తీసి మండలం టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పైనుంచి శభాష్ అని వచ్చింది. గురుపూజోత్సవంలో శాలువా మన బడికే అన్నారంతా. వారం తిరక్కుండానే హెడ్‌మాస్టర్ సార్ వంతులు వేశారు. రోజుకో టీచర్, రోజుకో ఫోటో. మేడమ్‌కు మంగళవారం, నాకు గురువారం.

"ఫోటోలెందుకు తమ్మీ? పొద్దున లేస్తే గీ పోరగాండ్లే యాదికొస్తరు, వచ్చి కూసుంట. గంతే గద," అందామె.

"మంచి పేరే గదక్కా," అన్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఒక బుధవారం ఆమె వస్తే, ఆ రోజు వంతు సారు ముఖం ముడుచుకున్నాడు, తన ఫోటోలో ఆమె పడుతోందని. ఆ తర్వాత మంగళవారం తప్ప రావడం మానేసింది. నాకు ఆమె మీదే కోపమొచ్చింది, ఇదంతా మొదలుపెట్టింది నేనని తెలిసి కూడా.

మిగతా రోజుల సంగతి దాచడమెందుకు? పిల్లలు పుస్తకాలు తెరిచేవాళ్లు, మేము ఫోటో తీసేవాళ్లం, వాళ్లు ఆటకు పోయేవాళ్లు. నా గురువారాలూ అంతే.

కోతలు ముగిసిన వారం, నా వంతు రోజున, మధ్యాహ్నం ట్రాక్టరెక్కి పోతున్నామని చెప్పింది ఆ పిల్ల. ఫోటో తీసి, ఏదో గుచ్చుకున్నట్టయి పక్కన కూర్చున్నాను. "ఒక్క లైను చదువు బిడ్డా," అన్నాను. వేలు పెట్టింది. మొదటి ఒత్తు దగ్గరే ఆగిపోయింది, మేడమ్ రోజూ రావడం మానేసిననాడు ఉన్న చోటే. కాసేపు నా చేతిలోని ఫోన్ వైపు చూసి పుస్తకం మూసింది.

"ఫోటో అయింది గద సార్, ఇగ పోవాల్నా?"

శాలువా నిజంగానే వచ్చింది, అదీ మొదటి ఫోటో పెట్టానని నాకే. నిజామాబాద్‌లో వేదిక మీద కప్పుతుంటే అందరూ ఫోన్లెత్తారు. నా చెవుల్లో ఆ పిల్ల మాటే. దిగి వెళ్లిపోవాలనిపించింది. వెళ్లలేదు. ఫోటో అయ్యేదాకా నిలబడ్డాను.