కాచిగూడ బండిలో బృందావనం

మా ఇంట్లో గడప దాటడానికి రెండు మాటలుండేవి. బామ్మ వెళ్తే యాత్ర, మిగతావాళ్ళం వెళ్తే షికారు. యాత్రకి పుణ్యం వస్తుంది, షికారుకి కాళ్ళనొప్పులొస్తాయి. సాయంత్రం పూట నాన్న అమ్మనీ మమ్మల్నీ దోమలగూడ మీదుగా ట్యాంక్‌బండ్ దాకా నడిపించి తీసుకొస్తే, గుమ్మంలో బామ్మ ప్రశ్న సిద్ధంగా ఉండేది. "షికార్లు తిరగడం అయిందా?" ఆవిడ నోట ఆ మాట తిట్టుకి పెదతల్లి కూతురు.

అరవై తొమ్మిది తెలంగాణా గొడవలు సద్దుమణిగాక వచ్చిన వేసవి అది. అంతకుముందు ఏడాది బళ్ళు నెలల తరబడి మూతపడి, మేం పిల్లలం ఇంట్లోనే మగ్గిపోయాం. మాది కృష్ణా జిల్లా. రాజధాని మారినప్పుడు నాన్న ఆఫీసుతోపాటు వచ్చి, చిక్కడపల్లిలో గ్రంథాలయం వెనక సందులో రెండు గదులు కిరాయికి తీసుకున్నాడు. కిరాయికిచ్చిన ఇంటావిడది పాలమూరు వైపు. గొడవల రోజుల్లో ఆవిడ మాతో ముక్తసరిగా ఉండేది. మామిడికాయల కాలం వచ్చి, ఆవకాయకి బామ్మ సలహా కావలసివచ్చాక అదంతా మరిచిపోయింది.

ఆ రోజుల్లోనే నాన్న ఆఫీసులో ఒకాయన మైసూరు వెళ్ళొచ్చాడు. ఒకనాడు భోజనాల దగ్గర నాన్న ఆ కబుర్లెత్తాడు. అన్నం తింటూ మాట్లాడితే కసురుకునే మనిషి, ఆ వేళ చెయ్యి ఎండిపోతున్నా పట్టించుకోకుండా చెప్పాడు. అక్కడ బృందావనం తోటలని ఉన్నాయట. వాటిలో నీళ్ళు మనిషిని మించిన ఎత్తు లేస్తాయట. చీకటి పడగానే కింద దీపాలు వెలిగిస్తే ఆ నీళ్ళు ఎర్రగా, ఆకుపచ్చగా, పసుప్పచ్చగా మారిపోతాయట. ఊళ్ళో రాజుగారి కోట ఉందట, కోట నిండా అద్దాలూ దీపాలేనట. "ఈ సెలవులకి మనం వెళ్తున్నాం" అన్నాడు ఆఖర్న. తమ్ముడు పీట మీంచి లేచి గంతేశాడు. నాకైతే సంతోషంతో ముద్ద దిగలేదు.

అడ్డంకల్లా బామ్మే. ఆవిడ మడి కట్టుకుని వండిన అన్నం తప్ప తినదు. ఒక్కతినీ వదిలి వెళ్ళడానికి లేదు. ఆవిడ ఉండిపోతే అమ్మ ఉండిపోవాలి, అమ్మ లేకుండా నాన్న మమ్మల్ని వీధి చివరికి కూడా తీసుకెళ్ళలేడు. షికారంటే బామ్మ రానే రాదు. మేమింకా ఆ లెక్కలో ఉండగానే దేవుడి గదిలోంచి ఆవిడ తొంగి చూసింది.

"ఏ ఊరన్నావురా?"

"అదేనమ్మా, బృందావనం..."

"బృందావనమే," అంది బామ్మ. తోటల సంగతి ఆవిడ చెవిన పడనే లేదు. "ఇన్నాళ్ళకి ఆయనకి నా మీద దయ కలిగిందిరా నాయనా" అంటూ కొంగుతో కళ్ళొత్తుకుంది.

అమ్మ నాన్న వంక చూసింది. నాన్న మజ్జిగ వంక చూశాడు. "అవునమ్మా, బృందావనమే" అన్నాడు. అక్షరాలా నిజం.

మర్నాటి నుంచి మా ఇంట్లో రెండు ప్రయాణాలు మొదలయ్యాయి. నాన్న ఎవరి దగ్గరో రైల్వే టైం టేబుల్ పట్టుకొచ్చి, పెన్సిలు చెవిన పెట్టుకుని ఆ అంకెలని కవిత్వంలా పైకి చదివేవాడు. కోఠీ వెళ్ళి పక్కబట్టలు చుట్టుకునే ఖాకీ గుడ్డ హోల్డాల్ కొన్నాం. కొత్త గుడ్డ వాసనేస్తున్న దాన్ని ఇంట్లో పరిచి, నేనూ తమ్ముడూ అందులో దూరి, బెల్టులు బిగించమని అమ్మ ప్రాణం తీశాం. ఆదివారం గ్రంథాలయంలో పిల్లల గదికి వెళ్ళి మైసూరు కోట బొమ్మ ఉన్న పుస్తకం ఒకటి పట్టాను. దాన్ని ఇంకెవరూ తీసుకోకుండా నా ఒళ్ళోనే పెట్టుకుని మూసేవేళ దాకా కూర్చున్నాను. నారాయణగూడలో మా బడిలో ఆ రంగు నీళ్ళ గురించి నేను చెప్పని పిల్ల లేదు. నేను చెప్పినప్పుడల్లా ఆ నీళ్ళు ఇంకో రెండు గజాలు పైకి లేచేవి.

బామ్మ ప్రయాణం వేరు. గోవర్ధనగిరి చుట్టూ తిరగాలంటే కాళ్ళు సాగాలి కదా అని, తెల్లారగానే నారాయణగూడ చౌరస్తా దాకా నడక మొదలుపెట్టింది. వచ్చి మోకాళ్ళకి నువ్వులనూనె రాసుకునేది. చిన్న వయసులోనే తెల్లచీర కట్టుకుని వంటింట్లోకీ దేవుడి గదిలోకీ సర్దుకున్న మనిషి, ఇప్పుడు ఇల్లంతా కూనిరాగాలు తీస్తూ తిరుగుతోంది. ఏకాదశి నాడు మా వరండాలో భజనకి వచ్చే అశోక్‌నగర్ పెద్దవాళ్ళందరికీ చెప్పేసింది. ఒకావిడ యమునా జలం పట్టి తెమ్మని మర మూత ఉన్న చిన్న ఇత్తడి చెంబు ఇచ్చింది. ఇంకొకావిడ స్వామికి సమర్పించమని తన పెళ్ళి పట్టుచీర లోంచి చెరగు కత్తిరించి ఇచ్చింది. ఆ రెండిటినీ బామ్మ దేవుడి దగ్గర పెట్టుకుంది.

ఆ చెంబు కంటబడకుండా దేవుడి గది ముందు నుంచి తల తిప్పుకుని పోయేదాన్ని. "అమ్మా, చెప్పేద్దామా?" అని అడిగాను.

"చెప్తే ప్రయాణం గోవిందా" అంది అమ్మ. అనేసి తనే నాలిక్కరుచుకుంది.

రైలెక్కాక చెప్తే అన్నీ సర్దుకుంటాయని నాన్న ధీమా. నాన్న ధీమాలన్నీ అలాగే ఉండేవి.

ఒకరోజు పొద్దున్న బామ్మ నడక నుంచి వచ్చి పెరట్లో కుళాయి కింద బిందె పెట్టింది. పక్కన ఇంటావిడ బట్టలు పిండుతోంది. నేను దండెం దగ్గర ఉన్నాను.

"ఎప్పుడు పోతున్రు పెద్దమ్మా?"

"వచ్చే బుధవారమేనమ్మా. కాచిగూడలో రైలెక్కుతాం."

"కాచిగూడలనా?" ఇంటావిడ చీర పిండటం ఆపింది. "గా బండి మా పాలమూరు దిక్కు పోతది గద. మా తల్లిగారింటికి నేను గా బండిలనే పోత. గటు దిక్కు పోతే మథుర ఎట్లొస్తది పెద్దమ్మా? మథుర ఉత్తరం దిక్కు అంటరు గద."

ఆవిడ మనసులో ఏమీ లేదు, ఉన్న మాట అంది. బామ్మ సగం నిండిన బిందె తీసి పక్కన పెట్టేసి, కుళాయి కూడా కట్టకుండా లోపలికి వెళ్ళిపోయింది. నేనే వెళ్ళి కుళాయి కట్టేశాను.

సాయంత్రం నాన్న ఇంకా చొక్కా గుండీలు విప్పుతూండగానే అడిగింది. "ఒరే, నువ్వు చెప్పిన బృందావనంలో కృష్ణుడున్నాడా, లేడా?"

"ఉన్నాడమ్మా. అంటే, ఆ చోటు పేరే కృష్ణరాజసాగరం."

"సాగరమేమిటి?"

నాన్న విప్పిన గుండీ మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆనకట్ట."

"బెజవాడలో ఆనకట్ట లేదుట్రా? పుట్టినప్పట్నుంచీ దాని నీళ్ళే తాగాను కదా." ఇంకొకప్పుడైతే ఆ మాటకి అందరం నవ్వేవాళ్ళం. బామ్మ దేవుడి గది వైపు చూసింది. "పదిమందికీ చెప్పుకున్నానురా. వాళ్ళ మొహాలు ఎలా చూడను?"

నాన్న తల వంచుకున్నాడు. "మానేద్దాంలే అమ్మా. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, యాత్ర వాయిదా పడిందనుకుంటారు" అన్నాడు. బామ్మ దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నాన్న మీద, ఇంటావిడ మీద, పాలమూరు వైపు పోయే బండి మీద, ఆఖరికి కృష్ణుడి మీద కూడా. హోల్డాల్‌ని ఒక్క తన్ను తన్ని, దాని మీదే పడి ఏడ్చాను. అమ్మ వచ్చి లేవదీస్తే లేవలేదు.

మర్నాడు మధ్యాహ్నం కూడా నేను మూతి ముడుచుకునే ఉన్నాను. బామ్మ చేటలో బియ్యం పోసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏముంటుందే అక్కడ, అంత ఏడవడానికి?"

ముందు ముక్తసరిగా చెప్పాను. కానీ ఆ నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి నా అలక నా మాట వినలేదు. లేచి నిలబడి, చేతులెత్తి, మునివేళ్ళ మీద ఊగుతూ చూపించాను.

"ఎరుపు కూడా ఉంటుందా?" అంది బామ్మ.

"ఎరుపే ముందు వస్తుంది బామ్మా."

"అయితే అక్కడ పూజేదైనా చేస్తారా?"

"చెయ్యరు."

"మొక్కులేమైనా ఉన్నాయా?"

"ఏమీ లేవు."

"మరెందుకే అంతమంది వెళ్ళడం?"

"ఊరికే" అన్నాను.

"ఊరికే," అని తనూ అంది. బియ్యంలో ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. బామ్మ ఊరికే ఏదైనా చెయ్యగా నేనెప్పుడూ చూడలేదు. కూర్చుంటే ఒత్తులు చేసేది, నడిస్తే జపం చేసేది. రాళ్ళేమీ లేని ఆ బియ్యాన్ని ఆ వేళ ఇంకోసారి మొదట్నుంచీ ఏరింది.

ఏకాదశి వచ్చింది. వరండాలో భజన అయింది. నాన్న బయటికి రాకుండా తలుపు వెనకే నిలబడ్డాడు. తన వల్లే ఇదంతా అయిందని తెలిసి, ఇంటావిడ గడప పక్కన మొహం చిన్నబుచ్చుకుని కూర్చుంది. బామ్మ దేవుడి గదిలోకి వెళ్ళి ఇత్తడి చెంబూ పట్టు చెరగూ తెచ్చి అందరి మధ్యా పెట్టింది.

"ఎవరివి వాళ్ళు తీసుకోండమ్మా. నేను ఆ బృందావనం వెళ్ళడం లేదు."

ఇంక అయిపోయిందనుకున్నాను. తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. వాడు నొప్పని కూడా అనలేదు.

"అయ్యో, యాత్ర ఆగిపోయిందా వదినగారూ?" అంది చెంబు ఇచ్చినావిడ.

"యాత్ర కాదమ్మా," అంది బామ్మ. గొంతు సవరించుకుంది. నా వైపు ఒకసారి చూసింది. "షికారుకి వెళ్తున్నాను."

ఎవరి చేతిలోనో భజన తాళాలు ఒకసారి గలగలమన్నాయి.

"మైసూరులో నీళ్ళు రంగులు మారతాయిట. ఊరికే చూసొస్తాను," అంది బామ్మ, ఈసారి మామూలు గొంతుతో. తలుపు వెనక నాన్న ముక్కు చీదుకోవడం వినిపించింది.

చెంబు ఇచ్చినావిడ ముందుకి వంగింది. పట్టు చెరగు ఒక్కటీ తీసి దాన్నిచ్చినావిడ ఒళ్ళో పెట్టి, చెంబుని మాత్రం మళ్ళీ బామ్మ ముందుకి జరిపింది. "అయితే ఆ నీళ్ళే పట్రండి వదినగారూ."

"పోయి రా పెద్దమ్మా," అంది ఇంటావిడ గడప దగ్గర్నుంచి. "వచ్చినంక గవెట్లుంటయో మాకు సుత చెప్పు."

బామ్మ చెంబు మూత బిగించి నా చేతికిచ్చింది. "హోల్డాల్‌లో పెట్టవే. సొట్ట పడకుండా నా తెల్లచీరల మధ్యన పెట్టు."