కీర్తిప్రియ గనిప్రవేశం

ఎంట్రన్సులో కీర్తిప్రియకు అరవై ఒక్క వేల చిల్లర ర్యాంకు వచ్చింది. అది మరీ చెడ్డ ర్యాంకు కాదు, మంచిదీ కాదు. చుట్టాలకు ఓదార్చే అవకాశం గానీ అభినందించే అవకాశం గానీ ఇవ్వకుండా, "ఆహా, అలాగా" అనిపించి, కాఫీ తాగించి పంపేసే ర్యాంకు. ఆమెకు కావలసింది కంప్యూటర్ సైన్సు. ఆ యేడు రాష్ట్రంలో పరీక్ష రాసినవాళ్లందరికీ అదే కావలసి రావడంతో చిక్కు వచ్చింది.

తండ్రి దశరథరామయ్యకు మాత్రం ఇందులో చిక్కేమీ కనబడలేదు. ఆయన నూజివీడులో మామిడి వ్యాపారి. తోటలు పూత మీదే కొంటాడు. అంటే కాయ ఇంకా పుట్టకముందే, పువ్వును చూసి పంటంతా ఊహించి బేరమాడతాడు. ముప్పయ్యేళ్లుగా తోటల భవిష్యత్తు ఊహిస్తున్న మనిషికి సొంత కూతురి భవిష్యత్తు ఒక లెక్కా?

"అందరూ ఎగబడే తోట దగ్గరికి మనం వెళ్లకూడదు," అని భోజనాల దగ్గర ప్రకటించాడు. "ఎవడూ చూడని తోట చూడాలి. దానికి దారి ఉండదు, బోరు ఉండదు. లోపలికెళ్తే మటుకు బంగినపల్లి."

"నేను తోట కొనట్లేదు నాన్నా. చదువుకుంటానంటున్నా."

"రెండూ ఒకటే తల్లీ."

"ఆయనకి అన్నీ ఒకటేనే," అంది తల్లి పుష్పవతి పెరుగు వడ్డిస్తూ. "నన్నూ పూత మీదే ఖాయం చేసుకున్నారు. కాయ పులుపని తర్వాత తెలిసింది పాపం."

ఎవడూ చూడని తోటను నెట్ సెంటర్ రాయప్ప చూపించాడు. కాలేజీల ఆప్షన్లు పెట్టడంలో ఊళ్లో అతణ్ణి మించినవాడు లేడు.

"మైనింగ్ ఉందండీ, రామయ్యగారూ. పెద్ద గవర్నమెంటు కాలేజీ. ఆడపిల్లల కోటా సీట్లు నిరుడు ఒక్కళ్లూ అడగలేదండీ."

"ఎందుకడగలేదు?"

"గనుల్లోకి దిగాలి కదండీ."

"దిగేదెవడయ్యా? లోపలికెళ్లి పక్కకి జరిగిపోవడమే!"

ఈ జరగడానికి స్లైడింగ్ అని పేరు. క్లాసులు మొదలైన నెలలోపు మంచి బ్రాంచిలో సీటు ఏదైనా ఖాళీ అయితే, అదే కాలేజీలో ఉన్నవాళ్లు ర్యాంకు వరసలో అందులోకి మారవచ్చు.

"ఖాళీ లేకపోతే?" అని అడిగింది కీర్తిప్రియ.

పెద్దవాళ్లిద్దరూ ఆమె వైపు ఎంతో దయగా చూసి నవ్వారు. రాయప్ప బటన్ నొక్కాడు.

సీటు రానే వచ్చింది. ఆ కాలేజీ మైనింగ్ విభాగంలో అడుగుపెట్టబోయే మొట్టమొదటి ఆడపిల్లగా కీర్తిప్రియ, తనకు తెలియకుండానే, చరిత్రలోకి ఎక్కింది. ఎక్కినవాళ్లు దిగడం కష్టమని పదిరోజుల్లో తెలిసింది. విభాగాధిపతి లక్ష్మీనరసింహారావు గారు మైలవరంలో చుట్టాల పెళ్లికి వెళ్తూ, దారిలో ఆగి, దశరథరామయ్య కొట్టుకు వచ్చారు. సీజను అయిపోయింది కాబట్టి కొట్లో కాయ లేదు. ఆరుగురు తోటి వ్యాపారులు, కావలసినన్ని కబుర్లు ఉన్నాయి.

"మా బ్లాకులో లేడీస్ బాత్రూమ్ కోసం పన్నెండేళ్లుగా అడుగుతున్నామండీ," అన్నారాయన కళ్లు చెమర్చి. "మీ అమ్మాయి పేరు రాసి పంపితే వారంలో శాంక్షనైంది. అయితే ఒక్క మాటండీ. ఈ మధ్య సీటు తీసుకోవడం, పక్కకి జరిగిపోవడం అలవాటైపోయింది పిల్లలకి. మీ అమ్మాయి అలా చెయ్యదు కదండీ?"

ఆరుగురు వ్యాపారులూ దశరథరామయ్య వైపు చూశారు. ఆయన లేచి చెయ్యి చాపాడు. లక్ష్మీనరసింహారావు గారు అందులో చెయ్యి వేశారు.

మామిడి బజారులో కాగితాలుండవు. చేతిలో చెయ్యి పడితే బేరం ముగిసినట్టు. ఆ తర్వాత గాలివానకు కాయంతా నేల రాలినా వెనక్కి పోవడమనేది లేదు. చాట్రాయి తోటలో ఒక యేడు దశరథరామయ్యకు అలాగే రాలింది. ఆయన నోరెత్తకుండా రాలిన కాయ ఏరించి పచ్చళ్లవాళ్లకు తోలించాడు. బజారులో ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు, ఆయన వింటున్నప్పుడు ఇంకాస్త గట్టిగా.

లక్ష్మీనరసింహారావు గారు మాత్రం అది మర్యాదకు కలిపిన చెయ్యి అనుకున్నారు. మైలవరం చేరేసరికి మరిచిపోయారు కూడా.

"జరిగిపోవచ్చని నువ్వే కదా నాన్నా అన్నావు?" అంది కీర్తిప్రియ ఇంటికి వచ్చాక.

"అన్నాను."

"మరి ఆ చెయ్యేంటి?"

"పెద్దమనిషి అడిగాడమ్మా, అంతమందిలో."

"బాగుందండీ," అంది పుష్పవతి. "చెయ్యి మీదీ, చదువు దానిదీనా?"

ఆయన తువ్వాలు తీసి భుజం మార్చుకున్నాడు.

కాలేజీలో మూడు వారాలు గడిచాక, రామయ్యగారి ఊహ ఎంత గొప్పదో రుజువైంది. కంప్యూటర్ సైన్సులో అమ్మాయిల సీటు ఒకటి ఖాళీ అయింది. మంచి ర్యాంకులవాళ్లు అప్పటికే మంచిచోట్ల సర్దుకుని ఉన్నారు. మిగిలినవాళ్లలో మొదటి పేరు కీర్తిప్రియది. రెండోది ఆమె రూమ్మేటు, సివిల్‌లో చేరిన ఉంగుటూరు అమ్మాయి హరితది. సాయంత్రం ఆరింటిలోగా మొదటి పేరువాళ్లు సరేననాలి, లేదా సీటు రెండో పేరుకు పోతుంది. సరేననడానికి ఓటీపీ కావాలి. ఓటీపీ తండ్రి ఫోనుకు వెళ్తుంది. మన దేశంలో పిల్లల భవిష్యత్తంతా తండ్రుల జేబుల్లోనే మోగుతుంది.

ఆరుకు పది నిమిషాలుండగా ఆమె ఫోన్ చేసింది. ఆయన వెంటనే ఎత్తాడు.

"వచ్చింది తల్లీ. రాసుకో." ఆరు అంకెలూ లారీ నంబరు చెప్పినట్టు విడివిడిగా, స్పష్టంగా చెప్పాడు. తర్వాత, "పెట్టేసెయ్. నేను ఆయనకి ఫోన్ చేసి చెప్పుకుంటాలే. బజార్లో ఆ ఆరుగురికీ కూడా ఒక్కొక్కళ్ల దగ్గరికీ వెళ్లి చెప్పుకుంటాను. ఏముంది," అన్నాడు.

తిట్టి ఉంటే ఆమె టపటపా కొట్టేసేది. బతిమాలినా కొట్టేసేదేమో. ఆ "ఏముంది" దగ్గర వేలు ఆగిపోయింది. అయిదు అంకెలు కొట్టింది. ఆరోది రెండు. రెండు అంకె మీద వేలు పెట్టి, నొక్కకుండా, తెర మీద సెకన్లు తగ్గుతుంటే చూస్తూ కూర్చుంది. ఆ కాలేజీ వెబ్‌సైటు యేడాదంతా మొరాయిస్తుంది. ఆవేళ మాత్రం సరిగ్గా ఆరింటికే మూసుకుంది.

ఫోనులో ఇంకా లైను ఉంది. అవతల తండ్రి చేతిలోంచి తల్లి ఫోను లాక్కుంది.

"ఏమైందే?"

"ఏమీ కాలేదమ్మా." అది అక్షరాలా నిజం.

కాసేపటికి హరిత కేక పెడుతూ మంచం మీదినుంచి దూకింది. ఫోను చూపించింది, కౌగిలించుకుంది, ఆ తర్వాత సంగతి అర్థమై బిక్కమొహం వేసింది.

"నువ్వు పెట్టలేదా? పిచ్చా నీకు?"

"ఉండొచ్చు."

"రేపట్నుంచే ఆ క్లాసుకి వెళ్లాలంట. ఎక్కడో, ఎన్నింటికో కూడా తెలీదు నాకు."

"తొమ్మిదిన్నరకి," అంది కీర్తిప్రియ. "మెయిన్ బ్లాకు, రెండో అంతస్తు, మెట్లెక్కగానే ఎడమవైపు. కిటికీ పక్క బెంచీకి ఫ్యాన్ తగలదు, కూర్చుని చూశా. మూడో వరసలో కూర్చో."